ఫోన్‌లో మిగిలిన దారి

మా ఇంట్లో గడప దాటే మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే వెళ్ళిన పని కాదంటారు. ఎవరైనా నోరు జారి అడిగారా, వెళ్ళేవాళ్ళు వెనక్కి వచ్చి, ఓ నిమిషం కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయల్దేరాలి. మా పుట్టింట్లోనూ ఇదే ఆచారం. అయినా పెళ్ళయిన కొత్తలో ఒకసారి మా ఆయన్ని యాడికని అడిగేశాను. ఆయన తిరిగొచ్చి కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, ఆ రోజు బస్సు తప్పిపోయింది. నేను అడిగినందుకే బస్సు తప్పిందని మా అత్త వారం రోజులు చెప్పుకుంది. కూర్చుని నీళ్ళు తాగినందుకు తప్పిందని నేను అనలేదు. అనుంటే ఇంకో వారం.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు అడగలేదు. అడగకుండానే తెలుసుకోవడం నేర్చుకున్నాను. మాది తమిళనాడులో ఆర్.కె.పేట దగ్గర నేత ఇల్లు. మా మరిది ఇప్పటికీ మరమగ్గాల మీద లుంగీలు నేయిస్తాడు. మా ఆయన ఒక్కడే మగ్గం వదిలేసి, తిరుత్తణిలో ఒక డీలరు దగ్గర సోలార్ పంపుసెట్లు బాగుచేసే పనిలో చేరాడు. కరెంటు తీగ పోని పొలాలకే సోలారు పెట్టించుకుంటారు గనక ఆయన పనంతా రోడ్డు లేని చోటే. పొద్దున ఆయన సంచీ చూసి దారి చెప్పేదాన్ని. తువ్వాలు తలకు చుట్టుకుంటే కొండ వైపు. బూట్లు వేసుకుంటే కంపచెట్లున్న చోటికి. నీళ్ళ డబ్బాలు రెండు పెట్టుకుంటే నీడలేని చోటికి. నా లెక్క ఎప్పుడైనా తప్పితే సాయంత్రం మనసులోనే నవ్వుకునేదాన్ని.

మా అమ్మాయి తిరువళ్ళూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. పోయినేడు సెలవులకు వచ్చినప్పుడు మా ఇద్దరి ఫోన్లూ లాక్కుని మూడు యాప్‌లు పెట్టింది. ఒకటి నెట్టు లేకపోయినా పనిచేసే మ్యాపు. ముందే దించుకుంటే చాలు, టవరు లేని అడవిలో కూడా మనం ఎక్కడున్నామో చుక్క పెట్టి చూపిస్తుంది. రెండోది మనం పోయిన దారిని గీతగా గీస్తుంది. ఎన్ని గంటలకు ఎక్కడున్నాం, ఎంత వేగంగా పోయాం, అన్నీ దాచుకుంటుంది. సిగ్నల్ దొరికినప్పుడల్లా ఆ గీత పైకి చేరి, మా ముగ్గురికీ కనిపిస్తుంది. మూడోది, మనం ఉన్న చోటును అప్పటికప్పుడు ఇంట్లోవాళ్ళకు తెలిపేది. మొదటి రెండింటికీ మా ఆయన తలూపాడు. మూడోదానికి మాత్రం ససేమిరా అన్నాడు.

“అది దినమంతా యాడికి, యాడికి అని అడిగేదే గదమ్మా,” అన్నాడు కూతురితో.

మా అత్త పక్కనుంచి అవునవునంది. అమ్మాయికి కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే నేను కూడా అప్పుడు ఆయన వైపే ఉన్నాను. ఈ కొండల పక్కన పుట్టి, ఈ దుమ్ములోనే తిరిగి పెరిగిన మనిషికి ఫోను దారి చూపించడమేమిటని వెక్కిరించాను కూడా. ఆ వెక్కిరింత ఇప్పుడు గుర్తొస్తే నాలుక కరుచుకుంటాను.

ఆయనకు నాలుగేళ్ళుగా షుగరు. మొదట మాత్రలతో సరిపోయింది, తర్వాత ఇన్సులిన్ పడింది. నేను తిరుత్తణిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. రోజూ ఎందరివో చీటీల మీద అంకెలు చూస్తాను. షుగరు ఎక్కువైతే ఏళ్ళ తరబడి తినేస్తుంది. ఇన్సులిన్ వేసుకుని అన్నం తినకపోతే గంటల్లో పడగొడుతుంది. మొదట చెమట, వణుకు, తర్వాత మాట తడబాటు, ఆ తర్వాత మనిషి మనిషిలా ఉండడు. ఎదుటివాళ్ళు తాగాడనుకుంటారు. ఇది తెలిసినదాన్ని గనక ఆయన క్యారియరు నేనే కట్టేదాన్ని, సంచీలో బిస్కెట్టు పొట్లం నేనే పెట్టేదాన్ని. ఆ బిస్కెట్లు ఆయన ఏ ఊళ్ళో కుక్క కనిపిస్తే దానికి వేసేవాడు. ఈ తాలూకాలో మా ఆయన బండి శబ్దం తెలియని కుక్క లేదు.

ఆ రోజు కత్తిరి ఎండలు, నడివేసవి. నాకు వారపు సెలవు. ఆయన ఆరున్నరకు ఇన్సులిన్ వేసుకుని, ఇడ్లీలు తిని, ఏడింటికి బయల్దేరాడు. తలకు తువ్వాలు, కాళ్ళకు బూట్లు, నీళ్ళ డబ్బాలు రెండు. కొండ వైపేనని లెక్క వేసుకుని నా పనిలో పడ్డాను. పదకొండు దాటాక పిండి రుబ్బడానికి వెళ్తే, గ్రైండరు వెనక క్యారియరు కనిపించింది. అది అక్కడెందుకుందో ఒక్క క్షణం అర్థం కాలేదు. మూత తీసి చూశాను, పొద్దున నేను పెట్టిన అన్నమే.

ఫోను చేశాను. తొడర్బు ఎల్లైకు వెళియే అని ఒక ఆడగొంతు అరవంలో చల్లగా చెప్పింది, అందనంత దూరంలో ఉన్నాడని. పన్నెండుకు చేశాను, పన్నెండున్నరకు చేశాను, అదే గొంతు. ఆమె ఎవరో పాపం, ఆమె తప్పేముంది, అయినా ఆమెను తిట్టాను. డీలరుకు చేశాను. మూడు చోట్ల కంప్లైంటు ఉందని, ముందు దేనికి పోయాడో తెలియదని చెప్పాడు. అక్కడ కూడా ఆయన్ని ఎవరూ అడగలేదన్నమాట. మూడు నంబర్లు తీసుకుని మూడింటికీ చేశాను. మొదటి రైతు తన పొలానికి ఇంకా రాలేదన్నాడు. రెండోది ఒక మామిడితోపు, దాని ఆసామి చెన్నైలో ఉంటాడు. మీ ఆయన వస్తానన్నాడు, వచ్చిందీ లేందీ ఇక్కణ్ణుంచి నాకెలా తెలుస్తుందన్నాడు. మూడోది అన్నిటికంటే దూరం, కొండ మలుపు అవతల. ఆ ఫోను మోగనే లేదు.

ఒంటిగంటైంది. సాధారణంగా ఆయన ఆ వేళకు ఎక్కడున్నా క్యారియరు విప్పి, తిన్నానని ఫోను చేస్తాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు గిన్నెలు ఎత్తి పడేశాను. పొద్దున ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అడిగుంటే ఏ దిక్కుకు పరిగెత్తాలో తెలిసేది. మా అత్త నడవాలో గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను.

“ఈ ఒక్క దినం ఎవురన్నా అడిగుంటే బాగుండునే,” అంది మెల్లగా. ఆమె నోట ఆ మాట వినగానే నా భయం రెండింతలైంది. ఆమెకే ధైర్యం పోతే ఇంక ఎవరికుంటుంది.

మరిదికి కబురు పంపాను. మగ్గాలు ఆపించి బండి తీసుకుని వచ్చాడు. షుగరు చూసే మిషను, గ్లూకోజు పొట్లం, అరటిపళ్ళు, నీళ్ళు సంచీలో వేసుకున్నాను. ఇంతలో అమ్మాయి హాస్టలు నుంచి ఫోను చేసింది. సంగతి విని, ఆ రోజు నాన్న గీత ఎంతవరకు పైకి చేరిందో చూసి చెప్పింది.

“అమ్మా, లైను తొమ్మిది నలభైకి నిలిచిపోయుండాది. అత్తిమంజేరిపేట దాటినాంక ఒక టీ కొట్టు ఉండాది గదా, ఆడ,” అంది. ఆ కొట్టు తర్వాత ఏముందని అడిగాను. ఏమీ లేదమ్మా అంది, ఏడుపు ఆపుకుంటూ. టవరు లేని చోట గీత ఆయన ఫోనులోనే ఉంటుంది, పైకి రాదు. ఆయన ఆ మూడో యాప్‌కు ఒప్పుకుని ఉన్నా అంతకంటే ఎక్కువ తెలిసేది కాదని అప్పుడే అర్థమైంది. అమ్మాయి ఇంకో మాట చెప్పింది. నా ఫోనులో కూడా గీత గీసే యాప్ ఆన్ చెయ్యమంది. తెలియని దారి గదా, తప్పిపోతే అదే గీత పట్టుకుని వెనక్కి రావచ్చంది. సరేనని నొక్కాను.

టీ కొట్టతను చెప్పాడు. చక్కెర లేని టీ తాగి, కొండ వైపు బండిదారిలో పోయాడట. పొద్దున తొమ్మిదిన్నర, పది ఉంటుందట. అప్పుడు రెండున్నర దాటింది. ఇన్సులిన్ వేసుకుని ఎనిమిది గంటలు. ఇడ్లీలు ఎప్పుడో కరిగిపోయి ఉంటాయి. ఎండ ఎలా ఉందంటే బండి మీద పోతున్నా గాలి ముఖానికి వేడినీళ్ళు చల్లినట్టు తగులుతోంది.

కంకరదారి అయిపోయి మట్టిదారి వచ్చింది. అది అయిపోయి వాగు ఇసుక వచ్చింది. నేను దిగి నడిచాను, మరిది బండి తోశాడు. ఇసుకలో టైరు అచ్చులు చాలా ఉన్నాయి. ఏవి ఆయనవో ఎవరు చెప్పగలరు. వాగు దాటాక దారి చీలింది. మ్యాపు తీసి చూశాను. ఎడమ చీలిక మొదటి రైతు పొలానికి, ఆయన అక్కడికి పోలేదు. కుడి చీలిక మామిడితోపు పక్కనుంచి పోయి, కొండ మలుపు తిరిగి, మూడో పొలానికి. కుడికే పోయాం.

అప్పట్నుంచి నా కళ్ళు రెండు పనులు చేశాయి. ఒక కన్ను ఫోను మీద, మన చుక్క దారి మీదే ఉందా లేదా అని. ఒక కన్ను బయట. కంపచెట్టుకు ఎర్రగుడ్డ కనిపిస్తే ఆయన తువ్వాలనుకున్నాను, ఎవరో పిట్టల కోసం కట్టిన గుడ్డ. దూరంగా గద్దలు తిరుగుతుంటే అక్కడికి చూడలేక తల దించుకున్నాను. ఫోను వేడెక్కి కాసేపు తెర మసకబారింది. దాన్ని కొంగులో చుట్టి ఊదాను. అది ఆగిపోతే మేం కూడా పోయినట్టే అనిపించింది. ఇంకాస్త సేపటికి బయట చూసే కన్ను కూడా ఫోను మీదికే వచ్చేసింది. బయట చూస్తే భయం. ఫోనులో చుక్క కదులుతుంటే ఏదో చేస్తున్నామన్న నమ్మకం.

మామిడితోపు వచ్చింది. దారి పొడవునా ఎత్తయిన కంపకంచె, నడుమ ఇనుప గేటు. మరిది బండి వేగం తగ్గించాడు.

“వదినా, గేటుకు గొలుసేసుండాది. దిగి చూద్దామా?”

నేను తలెత్తి చూశాను. గొలుసు కనిపించింది. బండి కనిపించలేదు. ఆ తోపులో పని చిన్నదని డీలరు చెప్పాడు, ఎప్పుడో ముగించుకుని గేటు వేసి ముందుకు పోయుంటాడు. మూడు గంటలైంది, ఇక్కడ ఆగితే అక్కడ ప్రాణం పోతుందనిపించింది. “ఆయన లేడు. నేరుగా పో, బిన్నా పో,” అన్నాను. మరిది బండి లాగించాడు.

కొండ మలుపు తిరిగాం. తిరగగానే మ్యాపు తెల్లబడింది. మా చుక్క ఉంది, చుట్టూ ఏమీ లేదు. దారి లేదు, వాగు లేదు, కొండ లేదు. ఫోను చెడిపోయిందని చేత్తో కొట్టాను. తర్వాత తెలిసింది. ఆ మ్యాపు రాష్ట్రాల వారీగా దించుకోవాలి. మా అమ్మాయి తమిళనాడు మాత్రం దించింది. మేమున్న చోటు ఆంధ్రాలోకి వచ్చేసింది. పిల్లదాని తప్పు కాదు. మా చుట్టాల్లో సగం మంది అటువైపే. మా కూరగాయలు అటునుంచి వస్తాయి, మా లుంగీలు అటు పోతాయి, మా తోడికోడలు కూడా అటునుంచే వచ్చింది. ఎల్ల అనేది బస్సు టికెట్టు మీద తప్ప మాకెప్పుడూ గుర్తు రాలేదు. దాన్ని గుర్తుపెట్టుకున్నది ఫోనొక్కటే.

అంతలో ఫోను చేతిలో గుర్రుమంది. ప్రాణం లేచొచ్చింది. ఆయనే అనుకుని చూస్తే, ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతమని మెసేజ్. అటువైపు టవరేదో ఒక్క క్షణం తగిలి పోయింది. నేను అప్పుడు ఏడ్చాను. అంతవరకూ ఏడవలేదు.

మూడో పొలం ఎలాగో దొరికింది. కాపలా ముసలాయన ఒక్కడే ఉన్నాడు. పంపు వాడు నెల్లాళ్ళుగా ఈ దిక్కుకే రాలేదన్నాడు. మరిది ముఖం చూశాను. ఇంక వెతకడానికి పేరున్న చోటు లేదు. కొండ ఉంది, కంపలున్నాయి, ఎండిన వాగులున్నాయి, వాటిలో ఎక్కడైనా కావచ్చు. నేను గుట్ట మీదికి ఎక్కి అరిచాను. మొదట ఏమయ్యా అని అరిచాను. ఆ అడవిలో ఏమయ్యా అంటే ఎవరు పలుకుతారు. అప్పుడు పేరు పెట్టి అరిచాను. మొగుడి పేరు నోటితో పలకడం నా జన్మలో అదే మొదలు. ఆసుపత్రి చీటీల్లో కూడా రాసిచ్చేదాన్నే తప్ప చెప్పేదాన్ని కాను. నాలుగుసార్లు అరిచాను. కింద మరిది తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన పేరు కొండకు తగిలి నాకే వినిపించింది. ఎవరైనా పోయినప్పుడే అలా పేరు పెట్టి ఏడుస్తారు.

వెనక్కి తిరిగాం. దారి గుర్తు తప్పిన చోట నా ఫోనులో గీసిన గీతే మమ్మల్ని నడిపించింది. మలుపు తిరిగాక మ్యాపు మళ్ళీ నిండింది. మామిడితోపు కంచె మొదలయ్యే చోట దారి మధ్యలో ఒక ఆడమనిషి చేతులు చాపి నిలబడి ఉంది. పక్కన మేకలు. బండి ఆపకముందే నేను దూకాను.

“మీ మనిసేనా? తోపులో ఉండాడు. బతికుండాడు, బయపడద్దు,” అంది.

అవతలివైపు కంచె సందులోంచి మేకలు తోపులో దూరితే తోలడానికి పోయిందట. చెట్ల మధ్య ఒకాయన ఒక కాలికే బూటు వేసుకుని తిరుగుతున్నాడట. యాడికి పోవల్లబ్బా అని అడిగిందట. ఇంటికి అన్నాడట. అని, అదే చెట్టు చుట్టూ మళ్ళీ తిరిగాడట. ఇంకోసారి అడిగితే తిట్టాడట. తాగాడేమోనని దగ్గరికి పోతే వాసన లేదు, చొక్కా పిండితే నీళ్ళు, చేతులు చల్లగా ఉన్నాయి. ఆమె అన్నకు షుగరుంది గనక గుర్తుపట్టింది. కూర్చోబెట్టి, తన చెంబులోని రాగికూళు, రాగి అంబలి, నోటికి అందించి, గుక్కగుక్కగా తాగించింది. ఆ తర్వాత ఏ బండైనా వస్తుందని దారిలో కాచుకుంది.

ఆయన పంపు షెడ్డు నీడలో గోడకు ఆనుకుని ఉన్నాడు. బండి షెడ్డు వెనకే ఉంది. నన్ను చూసి, ఎవరో తెలిసినామె అన్నట్టు చిన్నగా నవ్వాడు. వేలికి సూది గుచ్చాను. రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో ఎవరికీ నేను రెండోసారి గుచ్చలేదు. కూళు తాగాక కూడా అంకె నలభై ఎనిమిది. అది తాగకముందు ఎంతో నేను ఊహించదలచుకోలేదు. గ్లూకోజు కలిపి తాగించాను. పావుగంట తర్వాత మళ్ళీ చూస్తే డెబ్బై నాలుగు. అప్పుడు నన్ను నన్నుగా చూశాడు.

“నువ్వెందుకు వచ్చినావు ఇంత ఎండలో?” అన్నాడు.

ఆయన్ని మా ఇద్దరి నడుమ కూర్చోబెట్టుకుని ఆర్.కె.పేట ఆసుపత్రికి తెచ్చాం. ఒక రోజు ఉంచి పంపారు. మేకలావిడకు దణ్ణం పెడితే సిగ్గుపడి, మేకల మీద కేకలేసుకుంటూ పోయింది.

ఇప్పుడు మా ఫోన్లలో రెండు రాష్ట్రాల మ్యాపులూ ఉన్నాయి. మూడో యాప్‌కు కూడా ఆయన ఒప్పుకున్నాడు. సంచీలో బిస్కెట్లు రెండు పొట్లాలు పెడుతున్నాను, ఒకటి ఆయనకు, ఒకటి కుక్కలకు. పొద్దున గడప దగ్గర నిలబడి, ఎవరూ అడగకుండానే గోడ కేసి చూస్తూ, పలానా తోటకు పోతాండా, మద్యాన్నానికి వస్తా అని చెప్తాడు. ఎవరూ అడగలేదు గనక మా అత్తకు అభ్యంతరం లేదు. పైగా ఆయన చెప్పేదాకా చెవులు రిక్కించి కూర్చునేది ఆమే.

భయం మాత్రం పోలేదు. ల్యాబులో రక్తం తీస్తూ తీస్తూ ఫోను చూస్తాను. ఆయన చుక్క పది నిమిషాలు కదలకపోతే నాకు చెమట పడుతుంది. టవరు లేని చోట చుక్క మాయమైతే, అది మళ్ళీ వచ్చేదాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడను. కానీ నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది ఆ చుక్క కాదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి, ఆయన ఫోనులోని ఆ రోజు గీత పైకి చేరి ఉండడం చూశాను. నాది నీలం గీత, ఆయనది ఎర్ర గీత. రెండూ ఒకే మ్యాపు మీద పెట్టొచ్చు. పెట్టాను. ఎర్రగీత టీ కొట్టు నుంచి మామిడితోపు గేటుకు, గేటు నుంచి షెడ్డుకు పోయి చాలాసేపు ఆగింది. పని చిన్నది కాదన్నమాట. పన్నెండున్నర నుంచి నడక. చెట్ల మధ్య అటూ ఇటూ, ఒకదాని మీద ఒకటి, పలక మీద చిన్నపిల్ల గీసినట్టు గీతలు. బయటికి పోయే దారి కోసం రెండున్నర గంటలు తిరిగాడు. గేటు పక్కనుంచే ఐదుసార్లు పోయాడు.

మూడుకు కాస్త ముందు ఆ గీత కంచె దగ్గరికి వచ్చింది. గేటుకు నాలుగు బారల ఇవతల, లోపలి వైపు, ఆగిపోయింది. మూడుంబావు దాకా అక్కడే ఉంది. మా నీలం గీత కంచె బయట అదే చోటుకు వచ్చింది మూడు గంటల ఎనిమిది నిమిషాలకు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. లోపలికి పోయినవాడు మేకలు దూరకుండా గొలుసు వేసుకుంటాడని నాకు తెలియదా. సంచీ చూసి దిక్కు చెప్పినదాన్ని, గొలుసు చూసి చెప్పలేకపోయాను. గీత మీద ఎక్కడ వేలు పెట్టినా అక్కడి వేగం చూపిస్తుంది. అంతవరకూ ఇరవై ఉన్న మా వేగం ఆ చోట ఆరుకు పడింది. తర్వాత ఇరవై ఐదు. ఆ ఇరవై ఐదు నా మాటే. మరిదికి చెప్పలేదు. అమ్మాయికి చెప్పలేదు. మేకలు ఆ కంచె సందు చూసుకోకపోయి ఉంటే నేను ఈపాటికి ఎలా ఉండేదాన్నో రోజుకొకసారి అనుకుంటాను.

మొన్న ఒక మధ్యాహ్నం, అన్నం తింటూ తింటూ ఆయన ఆగాడు. ఆ దినం సంగతులు ఏవీ గుర్తులేవన్నాడు. ఒక్కటి మాత్రం ఉందన్నాడు.

“తమ్ముడి బండి శబ్దం ఇనిపిచ్చినట్టుండె. నీ గొంతు కూడా. పిలస్తామని చూస్తే నాకు నోరు రాలేదు. శబ్దం దూరమైపోయె.” కంచంలో వేలు ఆడిస్తూ నా ముఖం చూశాడు. “కల గదా అది?”

నేను మజ్జిగ పోశాను.

“కలే,” అన్నాను.